పులియని పిండి: కడప హోటల్లో ఒక హత్య, నా ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివర

పని మొదలుపెట్టాను. రాయబోయేది చిన్న నవల. కడపలో ఒక కుటుంబం నడిపే హోటలు, పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు. అక్కడ ఒక మనిషి చస్తాడు. ఎవరు చంపారో పోలీసుల కంటే ముందు గల్లా మీద కూర్చునే జేజి, అంటే ఆ ఇంటి ముసలావిడ, కనిపెడుతుంది. నెత్తురు పెద్దగా కనబడకూడదు. రాత్రిపూట ఒంటరిగా చదివినా భయం వేయకూడదు, ఆకలి మాత్రం వేయాలి.

ఈ మాట చెప్పగానే ఆఫీసులో అందరిదీ ఒకటే ప్రశ్న: "సుమోలు ఎన్ని అక్కా?" సినిమాల పుణ్యమా అని కడపలో హత్య అంటే వేటకొడవళ్లు, నాటుబాంబులు ఉండాల్సిందే. మా వీధిలో నేను చూసిన తగాదాలన్నీ బండి ఎక్కడ పెట్టారనో, చీటీ డబ్బు ఎందుకు ఇవ్వలేదనో. నా కథకు ఆ సైజు తగాదా చాలు.

హోటలుకు పేరు పెట్టలేదు. లక్ష్మి, సాయి, బాలాజీ, భవాని... ఏది రాసినా ఆ బోర్డు ఏడురోడ్ల దగ్గరో కోటిరెడ్డి సర్కిల్ దగ్గరో నిజంగానే వేలాడుతూ ఉంటుంది. పాపం, వాళ్ల వ్యాపారం చెడగొట్టడం ఎందుకు? ప్రస్తుతానికి "జేజి హోటలు" అంతే.

మే మొదట్లో

చచ్చేది ఎవరో తేలింది. మూలబల్ల దగ్గర రోజూ రెండు పూటలా తినే వడ్డీ మనిషి. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. హోటల్లో నలుగురు ఆయనకు బాకీ: పెద్ద కొడుకు, చిన్న కోడలు, ఇల్లరికపల్లుడు, దోశ మాస్టర్. నలుగురూ మంచివాళ్లే. ఆయన కూడా మరీ దుర్మార్గుడు కాదు, సప్లయర్ పిల్లలకు పండక్కి బట్టలు కొనిపెట్టే రకం. పచ్చి దుర్మార్గుడిని చంపితే ఎవరు చంపారన్న కుతూహలమే ఉండదు, చదివేవాడు "పీడ పోయింది" అనుకుని పుస్తకం మూసేస్తాడు.

ఎలా చంపాలి అన్నదానికి చాలా టైమ్ పట్టింది. ఈ రకం కథల్లో విషం మామూలే. మన దగ్గర విషం అంటే పురుగుల మందో గన్నేరు కాయో గుర్తొస్తుంది. రెండూ జిల్లా పేపర్లో లోపలి పేజీల్లో నెలనెలా కనబడే చావులు. అప్పుల్లో మునిగిన రైతు తాగిన మందును నా సరదా కథలో వాడలేను. విషం కొట్టేశాను. ఇంగ్లీషు కథల్లో చెనిక్కాయల (వేరుశనగ) అలర్జీతో మనుషుల్ని చంపేస్తుంటారు. చట్నీలో చెనిక్కాయ, పొడిలో చెనిక్కాయ, వంకాయ కూరలో చెనిక్కాయ ఉండే ఊళ్లో ఆ అలర్జీ ఉన్నవాడు యాభై ఏళ్లు బతికి, నా కథ దాకా వచ్చి చచ్చాడంటే ఎవరు నమ్ముతారు?

చివరికి తోపులాట అనుకున్నాను. అర్ధరాత్రి దాటాక హోటలు వెనక స్టోర్ రూములో మాటా మాటా పెరిగి తోసుకుంటారు. ఆయన పాత రుబ్బురోలు అంచు మీద పడతాడు. ఆ తోపులాటలో పిండి అండా బోర్లా పడుతుంది.

అక్కడ నాకు కథ దొరికింది. పొద్దున ఆరుకు దోశలు పోయాలి. పిండి లేకపోతే దోశ మాస్టర్ అడుగుతాడు, రాత్రి ఇక్కడ ఎవరున్నారు, ఏం జరిగింది అని. కాబట్టి చంపినవాళ్లు నేల కడిగి, నానబెట్టి ఉన్న ఇంకో విడత బియ్యం, మినప్పప్పు తీసి మళ్లీ రుబ్బాలి. సాయంత్రం ఆరింటికి రుబ్బిన పిండి రాత్రంతా పులుస్తుంది. రాత్రి ఒంటిగంటన్నరకు రుబ్బింది పులవదు. పొద్దున దోశ ఆ మాట చెప్పేస్తుంది.

మే, ఎండ ముదిరాక

పిండి పరీక్ష. ఒక పాలు మినప్పప్పు, మూడు పాళ్లు బియ్యం, గుప్పెడు అటుకులు, చారెడు మెంతులు. స్టీలు డబ్బాలో సగానికి పోసి, పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేశాను. కథలో లాగే అర్ధరాత్రి దాటాక రుబ్బాను.

ఫలితం: పొద్దున ఆరింటికల్లా పిండి బ్యాండు దాటి పైకొచ్చేసింది. పుల్లటి వాసన కూడా. కడప మే నెలలో రాత్రిపూట కూడా వంటింటి గోడలు వేడిగానే ఉంటాయి, పిండికి అయిదు గంటలు చాలు. వేసవిలో నా క్లూ పనిచేయదు. ఇంకోరోజు గ్రైండర్‌లో చల్లటి నీళ్లు పోసి రుబ్బాను. కొంచెం ఆలస్యమైంది గానీ పొంగింది. మినప్పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియాకు నా ప్లాటుతో పని లేదు.

అయితే ఆ రాత్రి ఇంకో లాభం జరిగింది. గ్రైండర్ చప్పుడుకు మా అత్త లేచి వచ్చి, "ఏందిమ్మా, ఈ యాళప్పుడు?" అంది. మర్నాడు ఎదురింటి వదిన గేటు దగ్గర ఆపి, "రాత్రి రుబ్బుతాండారే, సుట్టాలొస్తాండారా?" అని అడిగింది. గ్రైండర్ చప్పుడు విని ఎవరూ అనుమానపడరు. చుట్టాలో, పండగో, రేపటి టిఫినో అనుకుంటారు. ఇది నోట్స్‌లో పెద్దక్షరాలతో రాసుకున్నాను.

జూన్

కథను చలికాలానికి మార్చాలి. మార్చగానే అన్నీ కదిలాయి. హంతకుడు ఆ రాత్రి పెళ్లి రిసెప్షన్లో ఉన్నానని చెప్పడం నా మొదటి ప్లాను. ధనుర్మాసంలో పెళ్లెక్కడిది? ముహూర్తాలే ఉండవు. జేజికి ఆ ఒక్క మాటతోనే హంతకుడు దొరికిపోతాడు, నవల రెండో అధ్యాయంలో ముగుస్తుంది.

పంచాంగం ముందేసుకుని కూర్చున్నాను. 2025లో వైకుంఠ ఏకాదశి రెండుసార్లు: జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న ఇంకొకటి. ఆ రాత్రి దేవుని కడపలో ఉత్తర ద్వార దర్శనం కోసం జనం తెల్లవారకముందే వచ్చి క్యూలో నిలబడతారు. తిరుమలకు తొలిగడప అని పేరున్న గుడి, ఊళ్లోనే ఉంది. "నేను రాత్రి క్యూలో ఉన్నా" అంటే కాదని చెప్పగలిగేవాడు ఎవరు? అంత జనంలో అవునని సాక్ష్యం చెప్పేవాడూ దొరకడు.

జనవరి తేదీ వద్దనుకున్నాను. ఆ ఏకాదశికి రెండు రోజుల ముందే తిరుపతిలో టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. ఆ వారంలో హాస్యం కలిపిన హత్య కథ పెట్టడానికి మనసొప్పలేదు. డిసెంబరు 30, మంగళవారం, ఖాయం.

ఏకాదశి రాగానే హోటల్లో లెక్కలన్నీ నాకు అనుకూలంగా మారాయి. ఉపవాసం అంటూ అన్నం మానేసేవాళ్లు టిఫిన్ల మీద పడతారు. (దోశలో ఉండేది బియ్యమే కదా అని అడిగితే మా అత్త నన్ను చూసిన చూపు వేరు.) టిఫిన్ల రద్దీ ఉంటుందని తెలుసు కాబట్టి ముందురోజే రెండు విడతలు నానబెడతారు. అందుకే రెండో విడత పప్పు, బియ్యం హంతకుడికి అందుబాటులో ఉన్నాయి. ఆ రోజు నాటుకోడి వండరు, రాగిపిండి బస్తా కోసం స్టోర్ రూములోకి ఎవరూ పోరు. శవం మధ్యాహ్నం దాకా బయటపడదు. ఈలోగా ఊరంతా ఆ దోశలు తినేసి ఉంటుంది.

జూలై

ఆఫీసు పని. ఒక్క పేజీ కూడా రాయలేదు.

ఆగస్టు

చంపడానికి కారణం. డబ్బు బాకీ అన్నది ఎప్పుడూ ఉండేదే, ఆ రాత్రే ఎందుకు? కోర్టు దగ్గర గుమాస్తాగా చేసే మా బంధువు ఒకాయన టీ తాగుతూ తేల్చేశాడు. ప్రోనోటుకు, అంటే అప్పు తీసుకున్నవాడు రాసిచ్చే కాగితానికి, మూడేళ్లు గడువు. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. అందుకని గడువు దగ్గరపడేసరికి అప్పిచ్చినవాడు వచ్చి, "ఒక వెయ్యి రూపాయలన్నా జమ కట్టి చెల్లు రాయి" అంటాడు. నోటు వెనక ఇంత ముట్టజెప్పాను అని రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. లిమిటేషన్ చట్టం 1963 నాటిది. ఆయన నోట్లో మాత్రం నిన్న తిన్న భోజనం ముచ్చటలా వచ్చింది.

కాబట్టి ఆ నోటు తేదీ 2022 డిసెంబరు 31. ఏకాదశి ముందురోజు రాత్రి ఆయన చెల్లు కోసం వస్తాడు. ఇంక రెండు రోజులు గడిస్తే నోటు చిత్తుకాగితం. సంతకం పెట్టనని ఒకరు, పెట్టకపోతే పొద్దున్నే వకీలు దగ్గరికి పోతానని ఇంకొకరు. వడ్డీ మనిషి జేబులోని చిన్న డైరీలో నలుగురి నోట్ల తేదీలూ ఉన్నాయి. నోటు మాయమైంది, డైరీ మిగిలింది. అయితే అందులో పేర్లు ఉండవు. "సంగటి", "చట్నీ" లాంటి గుర్తులు పెట్టుకున్నాడు. ఏ గుర్తు ఎవరిదో జేజి తేల్చాలి. హంతకుడు ఎవరో ఈ డైరీలో రాయను, నా మీద నమ్మకంతో చదవండి.

సెప్టెంబరు

అధ్యాయాలు రెండు పూర్తయ్యాయి. మొదటి అధ్యాయంలో పొద్దున వచ్చిన గిరాకీలు దోశ బాగాలేదని గోల చేస్తారు. నవ్వులాటగా పోతుంది, చదివేవాడికి క్లూ అని తెలియదు. నాకు బాగా నచ్చిన సీను అది.

ఆ పేజీలు పట్టుకుని మేము రోజూ టిఫిన్ తెచ్చుకునే చోట దోశ మాస్టర్‌కు కథ చెప్పాను. పెనం మీద నీళ్లు చల్లుతూ విన్నాడు. విని, "గోలెందుకు చేస్తారక్కా? సోడా ఏస్తే సరిపాయె గదా" అన్నాడు.

పులవని పిండిలో చిటికెడు సోడా ఉప్పు పడితే బుడగలు వస్తాయి, రంగు కూడా తిరుగుతుంది. హోటల్లో పుట్టి పెరిగినవాడు ఆ మాత్రం చేయడా? మాస్టర్ అక్కడే ఒకటి పోసి చూపించాడు కూడా, ఫ్రిజ్‌లోంచి తీసిన పులవని పిండితో. చూడ్డానికి దోశే. ఎర్రకారం రాసి, పప్పుల పొడి చల్లి, మడిచి ఇచ్చాడు. తిన్నాను. ఏ తేడా తెలియలేదు. ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు, ఉల్లిపాయ నాలుక మీద పడ్డాక పిండి పులిసిందో లేదో ఎవడికి పట్టింది?

"ఇంగ కారం లేకుండా తినుక్కా" అన్నాడు. అప్పుడు తెలిసింది. చప్పగా, పచ్చిమినుము వాసన. సోడా పొంగు తెస్తుంది, పులుపు తేలేదు.

మొదటి అధ్యాయం పీకేశాను. ఊరు ఊరంతా కారం దోశ తిని, వేళ్లు నాకి, డబ్బులిచ్చి వెళ్లిపోతుంది. కడుపులో మంట కారణంగా డాక్టరు కారం మాన్పించిన జేజి ఒక్కతే ఉత్త దోశ మజ్జిగతో తింటుంది. రెండో తుంపు నోట్లో పెట్టుకుని, "ఏందిరా, ఈ పొద్దు పిండి సప్పగుండాది" అంటుంది. రద్దీలో ఎవరూ వినిపించుకోరు. అంతే, ఒక్క వాక్యం. పిండి సాయంత్రం ఆరింటిది కాదని ఆ ఊళ్లో నాలుకతో చెప్పగలిగింది ఆమె మాత్రమే. కారం దోశ లేకుండా ఈ కథ నడవదు, కారం దోశంటే నాకు కడపే, అందుకే దీన్ని కర్నూలుకో అనంతపురానికో మార్చమన్న స్నేహితురాలి సలహా పక్కనపెట్టాను. అనంతపురం వాళ్లు నొచ్చుకోవద్దు, ఉగ్గాని బజ్జీ మీద ఇంకో కథ రాస్తాను.

అక్టోబరు

మా సిన్నాయన పోలీసు శాఖలో చేసి రిటైరయ్యాడు. రాత్రి భోజనానికి పిలిచి అధ్యాయాలు చదివించాను. నేను 302 అని రాసిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీశాడు. 302 పాత ఐపీసీలోది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత. హత్యకు 103. స్టేషన్లో పాతవాళ్లు ఇంకా త్రీనాట్‌టూ అనే అంటారట, అందుకని కానిస్టేబుల్ నోట్లో పాత అంకె, ఎఫ్ఐఆర్ మీద కొత్త అంకె ఉంచాను. ఈ తేడా కథలో చిన్న నవ్వుకు కూడా పనికొచ్చింది.

శవ పంచనామాకు పంచులుగా, అంటే సాక్షులుగా, ఎవరిని పిలుస్తారని అడిగాను. "పక్కింటోళ్లనే మ్మా, ఎవరు దొరికితే వాళ్లను" అన్నాడు. ఇది నాకు వరం. ఎదురు కొట్టులో పాన్ అమ్మే ముసలాయన పంచుగా లోపలికి వస్తాడు, అన్నీ చూస్తాడు, బయటికొచ్చి జేజికి చెప్తాడు. జేజి తన కుర్చీలోంచి లేవకుండానే స్టోర్ రూము చూసేసినట్టు. ఏడేళ్లు, అంతకు పైన శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ వాళ్లు చోటు చూడాలని కొత్త చట్టం. సరే, వాళ్లనూ రప్పించాను. వాళ్లు రోలు చూశారు, నేల చూశారు. పిండి అండా వైపు చూడాలని వాళ్లకెందుకు తోస్తుంది?

అసలు దెబ్బ తర్వాత పడింది. "తోస్తే పడి చచ్చిపోయినాడంటున్నావే, ఇది 103 యాడైతాది? లాయరు దీన్ని 105 కిందికి తెస్తాడు" అన్నాడు సిన్నాయన. హత్య కాని నరహత్య. అంటే నా హత్య కథలో హత్యే లేదు.

చాలా రాత్రులు దీని గురించే ఆలోచించాను. తోసినంత మాత్రాన కాదు, తర్వాత ఏం చేశారన్నదే ముఖ్యం. ఆయన పడ్డాడు, ఊపిరి ఉంది. 108కు ఫోన్ చేయొచ్చు. చేయలేదు. బయట గడియ పెట్టి, గ్రైండర్ ఆన్ చేశారు. అది గంటసేపు తిరిగింది. లోపలి నుంచి ఆయన పిలిచినా ఎవరికీ వినబడదు. ఎదురింట్లో ముసలాయనకు వినబడింది గ్రైండర్ ఒక్కటే, "ఏకాదశి గదా, రుబ్బుతాండారు" అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఇది రాసి రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఆకలేయించే కథలో ఇంత చీకటి పడుతుందా అని నాకే అనుమానం. తీసేస్తే కథకు బరువు లేదు, ఉంచితే చదివేవాళ్లకు ఇక గ్రైండర్ చప్పుడు మామూలుగా వినబడదు. ఉంచాను. రెండు వాక్యాల్లోనే, అదీ జేజి నోటితో, చివరి అధ్యాయానికి ముందు.

నవంబరు

సీసీ కెమెరా సంగతి. ఈ రోజుల్లో కెమెరా లేని హోటల్ రాస్తే ఎవరూ నమ్మరు. చుట్టుపక్కల తిరిగి చూశాను. కెమెరాలు ఎక్కువగా గల్లా మీదికి తిప్పి ఉంటాయి. ఓనరుకు దొంగ బయటినుంచి వస్తాడన్న భయం కంటే కౌంటర్లో కూర్చున్నవాడి చెయ్యి మీద అనుమానం ఎక్కువ. వెనక గిన్నెలు కడిగే చోట కెమెరా ఎవరు పెడతారు? సమస్య తీరిపోయింది.

క్యూలో ఉన్నానన్న మాటకు రుజువుగా హంతకుడు ఫోన్ చూపిస్తాడు: గుడి దగ్గర టీ బండికి రాత్రి ఒంటిగంటా ఇరవైకి ఇరవై రూపాయలు కట్టినట్టు. పోలీసులు నమ్ముతారు. క్యూఆర్ కోడ్‌ను ముందే ఫోటో తీసి పెట్టుకుంటే ఎక్కడినుంచైనా కట్టొచ్చు కదా అని పరీక్షించాను. తెలిసిన కొట్టాయన కోడ్ ఫోటో తీసుకుని, ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని పది రూపాయలు కట్టాను. పడ్డాయి. మర్నాడు కొట్టుకెళ్తే ఆయన, "నిన్న సౌండు పెట్టె పది రూపాయలు అందాయని అరిచింది, చూస్తే ఎదురుగా ఎవరూ లేరు. దయ్యమనుకున్న" అన్నాడు. నేను ఆ మాట అక్కడే ఫోన్లో రాసుకున్నాను. కథలో టీ బండి మనిషి జేజితో అదే అంటాడు: డబ్బులొచ్చినాయి, టీ మాత్రం ఎవరూ తాగలేదని.

డిసెంబరు

చలి వచ్చింది, పరీక్ష మళ్లీ. అదే డబ్బా, అదే కొలత, ఒంటిగంటన్నరకు రుబ్బడం. ఈసారి ఎదురింటి వదిన అడగలేదు కూడా, అలవాటైపోయింది. పొద్దున ఆరింటికి పిండి బ్యాండును దాటలేదు, వాసన లేదు. చెంచాతో కదిపితే గాలి లేని పిండి, గట్టిగా అలాగే ఉంది. సాయంత్రం ఆరింటికి రుబ్బిపెట్టిన ఇంకో డబ్బాలో పిండి కొంచెం పొంగి, పుల్లటి వాసన వచ్చింది. మే నెలలో ఉన్నంత పొంగు లేదు గానీ తేడా నాలుకకు తెలుస్తుంది. జేజికి అది చాలు.

ఏకాదశి రాత్రి దేవుని కడప వెళ్లాను, క్యూ చూడ్డానికి. దర్శనం అయింది, అది వేరే సంగతి. క్యూలో నా ముందున్న ఆమె ఎర్ర చీర, వెనకున్నాయన దగ్గు తప్ప మర్నాటికి నాకు ఎవరి ముఖమూ గుర్తులేదు. హంతకుడి వాంగ్మూలంలో ఇదే పెట్టాను: మరీ వివరంగా, ముందు ఎవరు, వెనక ఎవరు, ఏ రంగు చీర, అన్నీ చెప్తాడు. నిజంగా నిలబడినవాళ్లకు అన్ని గుర్తుండవు. జేజి దీన్ని గట్టిగా పట్టుకోదు, ఒక్కసారి "ఊ" అంటుంది.

జనవరి

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి నిజం బయటపెట్టే సీను రాయడానికి మన ఇళ్లలో వీలు తక్కువ. నలుగురు కూర్చుంటే ముగ్గురు టీ పెట్టడానికి లేస్తారు, ఒకరికి ఫోన్ వస్తుంది. పోలీసులు తాళం తీశాక హోటల్ మళ్లీ తెరవాలంటే పుణ్యాహవాచనం చేయించాలి కదా. ఇంటిల్లిపాదీ తలస్నానం చేసి పీటల దగ్గర ఉండాల్సిందే, మధ్యలో లేవడానికి లేదు. దోశ మాస్టర్ కూడా చేతులు కట్టుకుని నిలబడాలి. పురోహితుడు కలశంలో మామిడాకులు సర్దుతుండగా జేజి, "స్వామీ, ఒక నిమిషం" అంటుంది.

చదివి చెప్పమని ముగ్గురికి ఇచ్చాను. అత్త హంతకుడిని ముందే కనిపెట్టేసింది. కారణం అడిగితే, "వాడు మొదట్నుంచీ జేజికి మర్యాద ఇయ్యలే" అంది. క్లూలు ఏవీ ఆమె చూడలేదు. ఆఫీసు స్నేహితురాలు చివరిదాకా చిన్న కోడలే అనుకుంది. సిన్నాయన సీఐ మాట తీరు ఒక చోట తప్పన్నాడు, సరిచేశాను.

మిగిలిన పని: పదకొండో అధ్యాయంలో ప్రోనోటు సంగతి చాలా పొడుగైంది, రెండు పేజీలు కోయాలి. సోడా ఉప్పు డబ్బా పెట్టే అలమర మూడో అధ్యాయంలోనే ఒకసారి కనబడాలి, లేకపోతే చదివేవాళ్లకు అన్యాయం. దోశ మాస్టర్‌కు ప్రింటు ఇవ్వాలి. తనకు చదవడానికి తీరిక ఉండదు కాబట్టి మధ్యాహ్నం మూడింటికి పెనం ఆరాక వెళ్లి, పిండి వచ్చే పేజీలన్నీ నేనే చదివి వినిపిస్తానని చెప్పాను. ఆదివారం వద్దు, సోమవారం రమ్మన్నాడు.